మందుపాతర: నిషేధ చరిత్ర

పల్నాటి రైతునకు పాతర యనిన తెలియనిది కాదు. మెట్టపొలములలో పండిన జొన్నలను నేలలో గోయి త్రవ్వి, గడ్డి పరచి, అందు పోసి, మన్ను కప్పి దాచుటయే పాతర వేయుట. దాచినవాడు దానిని మరువడు. అవసరమైననాడు త్రవ్వి తీసికొనును. ఈ మాటకు ముందు 'మందు' చేరి మన భాషలో మందుపాతర అను పేరు ఏర్పడినది. పేరు చక్కగనే కుదిరినది గాని ఒక్క భేదము కలదు. దీనిని పాతినవాడు మరచిపోవచ్చును, ఊరు విడిచి పోవచ్చును, చనిపోవచ్చును. పాతర మాత్రము ఎదురుచూచుచునే యుండును.

దీని నిర్మాణము సరళమైనది. పెట్టెలోని ప్రధానమగు ప్రేలుడు పదార్థము తరచుగా టి.ఎన్.టి. అది తనంతట తాను సులభముగా ప్రేలదు. కొద్దిపాటి తాకిడికే ప్రేలు డిటొనేటరు ఒకటి దానికి తోడుగా నుండును. పైమూతపై కొన్ని కిలోల బరువు పడగనే లోని సూది డిటొనేటరును పొడుచును. దాని తాకిడికి టి.ఎన్.టి. ప్రేలును. ఆ బరువు సైనికుని పాదముదా, మేకలు కాయు పిల్లవానిదా యని సూది యెరుగదు. ఈ ఎరుగకపోవుటయే అంతర్జాతీయ చర్చలన్నింటికిని మూలము.

యుద్ధములో దేనిని వాడరాదను విచారము 1868లో సెయింట్ పీటర్స్‌బర్గులో రూపు దాల్చినది. 400 గ్రాములకు తక్కువ బరువుగల ప్రేలుడు గుండ్లను వాడమని అక్కడ రాజ్యములు ఒప్పుకొనెను. 1899లో హేగ్ సభ శరీరములో విచ్చుకొను తూటాలను నిషేధించెను. వీటికి 'డమ్‌డమ్' అను పేరు కలకత్తా చేరువనున్న ఆయుధ కర్మాగారమునుండి వచ్చినదే. అదే సభ విషవాయు గుండ్లనుగూడ వలదనెను. అయినను 1915 ఏప్రిల్ 22న ఈప్ర వద్ద జర్మనులు క్లోరిను వదలిరి. సిలిండర్లనుండి వదలితిమి గాని గుండ్లలో పెట్టలేదు గదా యని వాదము! 1925 నాటి జెనీవా ఒప్పందము ఆ సందును మూసినది. ఆయుధముయొక్క నిర్వచనము ఎంత బిగువుగా నున్న నిషేధము అంత నిలుచును.

పల్నాటికి యుద్ధము క్రొత్త గాదు. పండ్రెండవ శతాబ్దమునాటి పోరు కారెంపూడి రణభూమిలో ముగిసినది. అది దయగల యుద్ధమని ఎవరును చెప్పజాలరు గాని, దానికి ఒక పొలిమేర యుండెను, ఒక ముగింపు యుండెను. ఎనిమిది వందల ఏండ్ల తరువాత నల్లమల అంచుననున్న వెల్దుర్తి, బొల్లాపల్లి ప్రాంతములు పీపుల్స్‌వార్ దళములకును పోలీసులకును నడుమ చిక్కినవి. ఈ పోరులో రాష్ట్రమంతటను దారులలో, కల్వర్టుల క్రింద మందుపాతరలు వెలసెను. 2000 మార్చి 7న ఘటకేసరు వద్ద మంత్రి ఎ. మాధవరెడ్డి ఇట్టి ప్రేలుడులో మరణించెను. 2003 అక్టోబరు 1న అలిపిరిలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు క్లేమోర్ మందుపాతరల దాడిలో గాయపడి ప్రాణములతో బయటపడెను. 2004 అక్టోబరులో అడవినుండి వచ్చిన మావోయిస్టు నాయకులు హైదరాబాదులో ప్రభుత్వముతో చర్చలు జరిపిరి. మరుసటి సంవత్సరారంభమునకే ఆ సంధి చెడినది.

ఇచ్చట ఉపాధ్యాయులు విద్యార్థులకు తప్పక చెప్పదగిన విషయ మొకటి కలదు. 1997 డిసెంబరులో అట్టావాలో 122 దేశములు సంతకము చేసిన ఒడంబడిక మనిషి తాకిడికి, సామీప్యమునకు తానై ప్రేలు పాతరలను పూర్తిగా నిషేధించినది. అందులకై పాటుపడిన ప్రజాసంఘముల కూటమికిని, జోడీ విలియమ్స్‌కును ఆ యేడే నోబెల్ శాంతి బహుమానము లభించెను. కాని దూరమున కూర్చుండి తీగ మీట నొక్కి పేల్చు పాతర ఆ నిర్వచనములోనికి రాదు. అలిపిరిలో వాడినవి ఆ జాతివే. నొక్కువాడు చూచి నొక్కునుగదా యని నియమకర్తల భావము. అయితే చీకటిలో వచ్చుచున్న జీపు పోలీసులదో, పెండ్లివారిదో అతనికి మాత్రము ఎట్లు తెలియును?

భారతదేశము అట్టావా ఒడంబడికలో చేరలేదు. సుదీర్ఘమైన సరిహద్దులే కారణమని ప్రభుత్వము చెప్పుచు వచ్చినది. 2001–02లో పడమటి సరిహద్దున సైన్యము పాతరలు పాతి, పిమ్మట వాటిని తొలగింపవలసి వచ్చెను. అయితే 1980 నాటి సంప్రదాయాయుధముల ఒడంబడికలో మందుపాతరలకు సంబంధించిన సవరించిన రెండవ ప్రోటోకాలును మన దేశము 1999 డిసెంబరులో ఆమోదించినది. ఇది దేశములోపలి పోరాటములకును వర్తించును. ప్రభుత్వమునకే గాక ఎదిరిపక్షమునకును వర్తించును. పాతిన చోట్ల పటము వ్రాసి యుంచవలెననును. ప్రతి పాతరలోను కనీసము 8 గ్రాముల ఇనుమునకు సమానమైన సంకేతము నిచ్చు లోహముండవలెననును. కేవలము ప్లాస్టిక్కుతో చేసిన పాతర శోధకయంత్రమునకు చిక్కదు. ఆ 8 గ్రాములు, అనగా ఒక చిన్న మేకంత ఇనుము, తరువాత వెదకువాని ప్రాణమునకు ఆధారము.

చెదరు బాంబులను నిషేధించు ఒడంబడిక 2008లో కుదిరినది. అందును మనము చేరలేదు. ఇక చేరినవారును నిలకడగా లేరు. ఉక్రెయిన్ యుద్ధముతో బెదరిన ఫిన్లాండు, పోలండు, బాల్టిక్ రాజ్యములు మూడును అట్టావా ఒడంబడికను విడనాడుటకు 2025లో నిశ్చయించినవి.