ఉదయగిరి సీమయు అవ్యక్తవాక్కును

ఉదయగిరి దుర్గము ఏలికల భాషలు మాఱిన చోటు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు దానిని గజపతులనుండి గైకొనెను. పిదప గోలకొండవారు వచ్చిరి. ఓఢ్రమును పారసీకమును ఇచ్చటి పామరునకు మొదట ధ్వనిమాత్రములై యుండవలెను.

తెలియని భాషను అవ్యక్తధ్వనిగాఁ దలఁచుట లోకసహజము. సంస్కృత ధాతుపాఠమున ‘మ్లేచ్ఛ’ ధాతువునకు అవ్యక్తశబ్ద మర్థము. గ్రీకుల ‘బార్బరోస్’ పదమును అట్టిదే. తెలుఁగున అర్థముకాని మాటలు ‘అరవగోల’. ‘అరవము’ను ‘అ-రవము’గా విడఁదీసి, తమిళమున ఒత్తక్షరములు లేమిని హేతువుగాఁ జెప్పుట కల్పితవ్యుత్పత్తి, తమిళదేశభాగమగు అరువానాటి పేరే మూలమనుట యుక్తము.

దేశనామము గోలకుఁ బేరగుట వినువాని చెవిదోషమే కాని పలుకువాని నాలుకదోషము గాదు. ఇందులకు ఉదయగిరి సీమయే సాక్షి: ఒకప్పు డవ్యక్తమైన పారసీకముద్వారా వచ్చిన రైతు, దస్తావేజు, ఫిర్యాదు అను పదములు నేఁ డచ్చటివారికిఁ దెలుఁగు మాటలే.