వెన్ను బిగిస్తే నీళ్లదే తప్పా?

కోడుమూరు వైపు ముప్పై ఏళ్లు నిండని కుర్రవాడికి నడుం పట్టేసిందంటే ఇంట్లో రెండే మాటలు వినిపిస్తాయి. మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని వచ్చిందంటారు, లేదా ఫ్లోరిన్ నీళ్లు తాగి వచ్చిందంటారు. రెండో మాట ఊరికే పుట్టలేదు. దాని వెనక పెద్ద చరిత్రే ఉంది.

1937లో, మన కర్నూలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లా మెట్ట పల్లెల్లో ప్రబలిన ఒక జబ్బు గురించి ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి వైపు ఊళ్లవి. ఆ జబ్బు చిన్నప్పుడే పళ్ల మీద గోధుమరంగు చారలుగా కనిపిస్తుంది. వయసు ముదిరేకొద్దీ మెడ తిరగదు, నడుం వంగదు, కూర్చున్న మనిషిని ఎవరో ఒకరు లేపాలి. వెన్నుపూసల చుట్టూ ఎముక పెరిగి లోపలి నరాలను నొక్కితే కాళ్లు పడిపోతాయి. రాళ్లలోని ఫ్లోరైడ్ బావి నీళ్లలోకి దిగడమే దీనికి మూలం. వాన తక్కువైన, రాతి నేలలున్న మన జిల్లాలకూ ఆ ముప్పు తప్పలేదు.

అంతకు ఐదేళ్ల ముందు, 1932లో, కోపెన్‌హాగెన్‌లో మోలర్, గుడ్‌యోన్సన్ ఇలాంటి ఎముకలనే ఎక్స్‌రేలలో చూశారు. అక్కడి రోగులు ఫ్యాక్టరీ కార్మికులు. గ్రీన్‌లాండ్‌లోని ఇవిట్టూట్ గని నుంచి ఓడల్లో వచ్చే క్రయొలైట్‌ను పొడి చేసేవాళ్లు. ఆ రాతి దుమ్ములోనూ ఉన్నది ఫ్లోరినే.

ఆర్కిటిక్ ఆదివాసుల్లో వెన్ను బిగిసే జబ్బుకు మూలం మాత్రం రాయీ కాదు, నీరూ కాదు. అలాస్కాలోని యూపిక్, ఇనుపియాట్ ప్రజల్లో 25 నుంచి 40 శాతం మందికి హెచ్ఎల్ఏ-బీ27 అనే జన్యువు ఉంటుంది. అది ఉన్నవాళ్లలో చాలామందికి ఏ జబ్బూ రాదు. వచ్చిన కొద్దిమందిలో మాత్రం ఒంటి రక్షణ వ్యవస్థే వెన్ను కీళ్ల మీద తిరగబడుతుంది. ఈ జన్యువుకూ యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే ఆ జబ్బుకూ ఉన్న లంకెను 1973లో లండన్‌లో బ్రూవర్టన్ బృందం ‘లాన్సెట్’లో ప్రకటించింది. అదే పత్రికలో అదే ఏడాది హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడ్ ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంగిపోతున్నవాళ్ల గురించి రాశారు. ఆ రెండు వ్యాసాలనూ పక్కపక్కన పెట్టి చదవాల్సిన అవసరం మన ప్రాంతానికే ఎక్కువని నా నమ్మకం.

ఎందుకంటే బీ27 జబ్బు ధ్రువాలకే పరిమితం కాదు, మన కుర్రవాళ్లకూ వస్తుంది. ఫ్లోరైడ్‌తో గట్టిపడ్డ వెన్ను మళ్లీ మామూలు కాదు, నీళ్లు మార్చి జబ్బు ముదరకుండా చూసుకోవడమే. స్పాండిలైటిస్‌కు మందులున్నాయి, వ్యాయామం ఉంది, వాపును అణిచే ఇంజెక్షన్లున్నాయి. అన్నిటికీ నీళ్లనే తప్పుపట్టి ప్లాంటు నీళ్ల క్యాన్లు తెప్పించుకుంటూ కూర్చుంటే, అదుపు చేసుకోగల ఏళ్లు గడిచిపోయి కీళ్లు అతుక్కుపోతాయి.

కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్లిన కుర్రవాడు నడుం నొప్పి అని చెప్పి ఊరుకోకూడదు. తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తోందా, పడుకుంటే పెరిగి నాలుగడుగులు తిరిగాక తగ్గుతోందా, ఎప్పుడైనా కన్ను ఎర్రబడి నొప్పి పెట్టిందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా, అన్నీ చెప్పాలి. అప్పుడే డాక్టరు వెన్ను ఒక్కటే కాకుండా, అది కటి ఎముకలతో కలిసే కీళ్లకు కూడా ఎక్స్‌రే రాస్తారు.