వేరుపడలేని కూతురు

మన భాషలో కొడుకులు 'వేరుపడతారు'. కూతురు 'అత్తవారింటికి పోతుంది'. భాగాలు పంచుకొని, వేరే పొయ్యి పెట్టుకోవటానికి కొడుక్కి ఒక మాట వున్నది, దాని వెనుక ఒక చట్టం వున్నది. పెళ్లితో పనిలేకుండా, తన జీతంతో తాను బతుకుదామని పుట్టింటి గడప దాటే కూతురికి మాత్రం గౌరవంగా చెప్పుకొనే మాట లేదు. టెలివిజన్ ధారావాహికలో యింటిల్లిపాదినీ మోసే నాయిక, వందల భాగాలు గడిచినా ఆ యింటినుంచి ఎందుకు బయటపడదో తెలియాలంటే యిక్కడే మొదలుపెట్టాలి.

ఈ నాయిక టెలివిజన్‌తో పుట్టినది కాదు. శక్తిపద రాజగురు నవల ఆధారంగా ఋత్విక్ ఘటక్ 1960లో తీసిన బెంగాలీ చిత్రం 'మేఘే ఢాకా తారా'లో నీత ఆమెకు అక్క వంటిది. దేశ విభజన వల్ల కలకత్తా శివార్ల కాందిశీకుల కాలనీలో పడిన ఒక బడిపంతులు కుటుంబం నీత సంపాదన మీద బతుకుతుంది. నీత పెళ్లి చేసుకొని పోతే జీతం కూడా పోతుంది. కనుక ఆమె ప్రేమించినవాడు చెల్లెలివైపు మళ్లుతుంటే తల్లి అడ్డుపడదు సరికదా, లోలోపల ప్రోత్సహిస్తుంది. ఆ తల్లి దుర్మార్గురాలు కాదు. నెల ఖర్చు లెక్క తెలిసిన మనిషి. ఘటక్ గొప్పదనమంతా ఆ లెక్కను దాచకపోవటంలో వున్నది. చివరికి నీత క్షయ పట్టి షిల్లాంగు కొండల్లోని ఆసుపత్రికి చేరుతుంది.

1974లో కె. బాలచందర్ తమిళంలో 'అవళ్ ఒరు తొడర్‌కదై' తీశారు. 1976లో ఆయనే దాన్ని జయప్రదతో 'అంతులేని కథ'గా తెలుగులోకి తెచ్చారు. తరవాత బెంగాలీ, హిందీ, కన్నడ భాషల్లోనూ ఆ కథ వచ్చింది. ఈ నాయికకు నీతకు లేని నోరున్నది. తాగుబోతు అన్ననూ, అతని సంసారాన్నీ తిడుతూనే పోషిస్తుంది. ఆమెలోని ఆ కసిని నేను తక్కువ చేయను. త్యాగమూర్తుల నడుమ అది నిజమైన మనిషి గొంతు. అయితే ముగింపు చూడండి. అన్న బుద్ధి తెచ్చుకొని బాధ్యత నెత్తికెత్తుకుంటాడు, ఈమెకు పెళ్లి కుదురుతుంది. సరిగ్గా అప్పుడే కథకుడు అన్నను హత్య చేయిస్తాడు! ఆమె తన పెళ్లిపీటల మీద చెల్లెలిని కూర్చోబెట్టి, మళ్లీ ఉద్యోగానికి పోతుంది. అన్న బాగుపడితే కథ ముగిసిపోతుంది కదా.

'తొడర్‌కదై' అంటే ధారావాహిక. నేడు తమిళులు టెలివిజన్ సీరియల్‌ను 'తొడర్' అనే పిలుస్తారు. సన్ టీవీలో 2003 నుంచి 2009 దాకా 1,500కు పైగా భాగాలు నడిచిన 'కోలంగళ్'లో దేవయాని ధరించిన అభి అటువంటి పెద్దకూతురే. తండ్రి విడిచిపోగా తల్లినీ, యిద్దరు చెల్లెళ్లనూ, తమ్ముణ్ణీ ఆమె పోషిస్తుంది. చిత్రానికి మూడు గంటల్లో ముగింపు కావాలి; ప్రకటనల ఆదాయం మీద నడిచే ధారావాహికకు ముగింపే నష్టం. తమ్ముడి తప్పు, చెల్లెలి పెళ్లి, తల్లి కన్నీరు - ప్రతి ఆశ్రితుడూ ఒక కొత్త ప్రకరణం. యింట్లోవాళ్లకు ఆమె జీతం ఎటువంటిదో, ఛానలుకు ఆమె వేరుపడలేకపోవటం అటువంటిది.

'ఆమె వెళ్లిపోవచ్చు కదా, ఎవరు కట్టివేశారు?' అని మా తరగతిలో ఒక విద్యార్థిని అడిగింది. తన జీతంలో సగం యింటికి పంపే పిల్ల. జవాబుకు కథలు చాలవు, చట్టం చూడవలసి వచ్చింది. 1956లో రెండు చట్టాలు వచ్చాయి. హిందూ దత్తత, మనోవర్తి చట్టం వృద్ధులైన తల్లిదండ్రుల పోషణను కొడుకుతో సమానంగా కూతురిమీదా పెట్టింది. ఎదిగిన తమ్ముణ్ణి, తాగే అన్నను పోషించమని మాత్రం అది చెప్పలేదు. ఆ భారాన్ని వేసింది ఆచారం. అదే యేటి హిందూ వారసత్వ చట్టం ఉమ్మడి ఆస్తిలో కూతురిని కొడుకుతో సమాన భాగస్వామిని చేయలేదు. పైగా మగవారసులు పంచుకోదలిస్తే తప్ప, ఉంటున్న యింట్లో వాటా విడదీయమని అడిగే హక్కు ఆమెకు లేదని 23వ సెక్షను చెప్పింది. బాధ్యతలో సమానం, భాగంలో కాదు!

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా, కూతురిని పుట్టుకతోనే సమాన భాగస్వామిని చేసింది. అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. అంటే చట్టం ముందుగా చేయి చాచింది మన కథల్లోని ఈ పెళ్లికాని కూతురికే. అయినా మన ధారావాహికల్లో భాగం అడిగే కూతురు చాలాసార్లు ప్రతినాయికే, అడగనిదే నాయిక.

2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ దేశమంతటా కూతురికి ఆ హక్కు యిచ్చి, 23వ సెక్షనును తీసివేసింది. అప్పటికి 'కోలంగళ్' రెండో యేడు నడుస్తున్నది. ఆ తరవాత మరి నాలుగేళ్లు నడిచింది.