అంగారకుని చిన్న చంద్రులు

అంగారకునికి ఇద్దఱు చంద్రులు గలరని 1877వ సంవత్సరము ఆగస్టు మాసమున లోకమునకు తెలిసినది. వాషింగ్టనులోని నావికా నక్షత్రశాలయందు అసాఫ్ హాలు అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు రాత్రులెన్నో వెదకి, విసిగి, ప్రయత్నము మానదలచెను. భార్యయగు ఏంజెలీన్ స్టిక్నీ మఱల చూడుమని పట్టుపట్టెను. కొలది దినములలోనే డీమోసు, ఫోబోసు అను రెండును కానవచ్చినవి. ఈమె వివాహమునకు పూర్వము హాలునకు గణితము బోధించిన గురువు. వివాహానంతరము భర్తకు లెక్కలు కట్టియిచ్చుచుండి, మగవారికిచ్చు వేతనము తనకును ఇమ్మని కోరెననియు, ఆయన నిరాకరింపగా ఆ పని మానెననియు కుమారుడు వ్రాసిన జీవితచరిత్రమున గలదు. ఈ సంగతి మన యిండ్లకు క్రొత్తది కాదని పాఠకురాండ్రు నవ్వుకొందురేమో!

ఫోబోసు సగటు వ్యాసము 22 కిలోమీటర్లు మాత్రమే. గుండ్రనిదియు కాదు, వంకరటింకర రాతిముద్ద. అంగారకుని నేలకు సుమారు 6,000 కిలోమీటర్ల యెత్తున నుండి 7 గంటల 39 నిమిషములలో నొక ప్రదక్షిణము ముగించును. అంగారకుని ఆత్మభ్రమణముకంటె నిది త్వరితమగుటచే, అచ్చట నిలిచి చూచువానికి పడమట నుదయించి తూర్పున నస్తమించును. ఈ తొందరయే దానికి మృత్యుహేతువు. దాని యాకర్షణచే అంగారకుని దేహమున నేర్పడు స్వల్పపు పొంగు వెనుకబడి దానిని వెనుకకు లాగుచున్నది. అందువలన అది నూఱేండ్లకు 1.8 మీటర్ల చొప్పున క్రిందికి దిగుచున్నది. 3 మొదలు 5 కోట్ల యేండ్లలో ముక్కలై గ్రహమునకు వలయమగును, లేదా నేల గూలును. డీమోసు మాత్రము మెల్లగా దూరమగుచున్నది.

అంతకాలము ఓపికపట్టలేనివారు మనుష్యులే. అంగారకుని నివాసయోగ్యముగా జేయగోరి, నల్లని పొరచే ధ్రువపు మంచును కరగించి, బొగ్గుపులుసు గాలిని వెడలించి, వాయుమండలమును దట్టపఱుపవచ్చునని కార్ల్ సేగన్ 1973లో వ్రాసెను. ఆ నల్లని ధూళిని ఈ చంద్రులను త్రవ్వి తేవచ్చునని కొందఱనిరి. కాని జకోస్కీ, ఎడ్వర్డ్సు అనువారు 2018లో కట్టిన లెక్క ప్రకారము, సులభముగా దొరకు బొగ్గుపులుసు గాలినంతను విడిచినను అచ్చటి పీడనము భూమిపై నున్నదానిలో నూటికి రెండుపాళ్లు కానేరదు.

ఈ యాలోచనను మేము పరిహసింపము. అయినను ఈ చంద్రులు ఎచ్చటనుండియో వచ్చి చిక్కినవో, మహాఘాతమున అంగారకునినుండియే చెదరినవో యింకను తేలలేదు. 1989లో సోవియట్ నౌక ఫోబోసును సమీపించుచునే మూగవోయెను. అచ్చటి మట్టిని తేబోయిన రష్యను నౌక 2011లో భూమిచుట్టునే చిక్కి, 2012లో కూలెను. పుట్టుక తెలియని వస్తువును పిండిచేయుట మాకు సమ్మతము కాదు.

ఫోబోసు గుంటలలో నెల్ల పెద్దది, 9 కిలోమీటర్ల వెడల్పు గలది, స్టిక్నీ పేర నున్నది. హాలు పేరిటి గుంట దానికంటె చిన్నది.