పెరటి కోత – విత్తనపు కాయ

చరిత్ర యనగానే రాజులు, కోటలు, యుద్ధములు మన మనస్సునకు వచ్చును. పెరటిలోని బీరపాదునకును ఒక చరిత్ర కలదనినచో మనలో కొందరు నవ్వవచ్చును. కాని నిజామాబాదు జిల్లాలోని కందకుర్తి వంటి గ్రామమున నిలిచి ఆలోచించినచో, ఆ పాదు చెప్పు కథ శాసనములు చెప్పు కథకు తీసిపోదు.

గోదావరి మహారాష్ట్రమును దాటి తెలంగాణమున అడుగిడునది ఇచ్చటనే. మంజీర, హరిద్ర వచ్చి కలియుటచే ఇది త్రివేణీ సంగమమైనది. వానకాలమున ఏటిలోని రాతి శివాలయము మునుగునంతటి వరద. వేసవిలో ఇసుక మేటలు తేలునంతటి కొరత. ఈ రెంటి నడుమనే ఇల్లాలు కూరపాదును బ్రతికించుకొనవలెను. బావినీరు త్రాగుటకే చాలని దినములలో అంట్లు తోమిన నీటిని, స్నానపు నీటిని చిన్న కాలువ తీసి పెరటికి మరల్చుట మన పల్లెల పాత అలవాటు.

ఆ పెరటిలోని కాయలన్నియు ఒక్కనాటివి కావు. వంగ, బీర, దోస ఈ దేశమున ప్రాచీన కాలమునుండి ఉన్నవి. మిరప, టమాట, తియ్యగుమ్మడి అమెరికా ఖండమునకు చెందినవి. 1498లో పోర్చుగీసువారు నౌకలపై మన తీరమునకు చేరిన తరువాతనే ఇవి క్రమముగా మనకు పరిచయమైనవి. మిరియమువలె కారమిచ్చుటచే మిరపకు ఆ పేరు కలిగినది. నేడు మిరపకాయ లేని కూరను మన మూహింపలేము. మన పూర్వులకు దాని పేరే తెలియదు.

వేసవి కోత ఆ పూటతో తీరునది కాదు. తినగా మిగిలిన వంకాయలను, కాకరకాయలను తరిగి యెండలో ఆరబోసిన వరుగులగును; తెలంగాణమున వీటినే ఒరుగులందురు. 1509 నుండి 1529 వరకు ఏలిన శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వానకాలమున అతిథులకు పెట్టిన భోజనమును వర్ణించుచు వరుగులను, వడియములను పేర్కొనెను. ఎండలో దాచినది వానలో వడ్డించుట ఐదువందల యేండ్లనాడే మర్యాదగల యింటి పద్ధతి యన్నమాట.

కోయుటలోను ఒక విద్య కలదు. బెండను రెండు దినముల కొకమారు కోయనిచో పీచు పట్టును. బీర, సొర లేతగా నుండగనే కోసిన కొలది పాదు మరల పూయును. వంకాయను లాగరాదు, తొడిమతో కత్తిరింపవలెను. తెల్లవారుజామున కోసిన కాయ వాడక నిలుచును. వీటన్నిటికంటె ముఖ్యమైనది, కోయక విడిచిన కాయ. పాదుమీద బలమైన కాయ నొకదానిని గుర్తించి, పండి యెండువరకు ముట్టక, దాని గింజలను బూడిదలో కలిపి దాచెడివారు. వచ్చే యేటి పంట ఆ కాయలోనే యుండెడిది.

మంజీరపై 1923లో మొదలైన నిజాంసాగర్ నిర్మాణము 1931లో ముగిసినది. 1937లో బోధనులో చక్కెర కర్మాగారము వెలసినది. కాలువనీటితో చెరకు పెరిగినది. పల్లెలకు రొక్కము వచ్చినది. అది గొప్ప మార్పే. కాని చెరకు ధర నిర్ణయించువారు వేరు. పెరటి కాయ ఎప్పుడు కోయవలెనో నిర్ణయించునది ఇల్లాలు. 2015లో ఆ కర్మాగారము మూతపడినది. కూరపాదునకు మాత్రము ఏ కర్మాగారపు గంటతోను పని లేదు.

అయినను పెరటికిని ఒక ముప్పు లేకపోలేదు. నేడు అంగడిలో దొరకు సంకరజాతి విత్తనములు కాపు విరివిగా నిచ్చును. కాని వాని కాయల గింజలు నాటినచో మొదటి గుణము నిలువదు. ఏటేట క్రొత్తగా కొనవలసినదే. అట్లు కొనుచున్న కొలది విత్తనపు కాయను విడుచు అలవాటు సన్నగిల్లును. ఒక్క తరము మరచినచో ఆ యింటి బీర, ఆ యూరి దోస మరల రావు. కోట కూలినను రాళ్లు మిగులును. విత్తనము పోయినచో ఏమియు మిగులదు.

కనుక ఈ వేసవిలో మన పెరటి నాటురకపు పాదులలో ఒక్క కాయనైనను కోయక విడుతము. పొరుగింటివారు అడిగినచో నాలుగు గింజలు వారికిని పంచుదము.