వేగము లేని పందెము

మోటారు సైకిలు పందెమనగానే శ్రోతలకు వేగము స్ఫురించును. ట్రయల్స్ అను పోటీలో వేగమునకు విలువ లేదు. రాళ్ళు, బురద, వాగులు గల ఇరుకు దారిలో కాలు నేల మోపక సాగుటయే నేర్పు. ఒకమారు మోపినచో ఒక తప్పు మార్కు. బండి ఆగినచో అయిదు.

స్కాట్లండులో ఆరు దినములు జరుగు ఇట్టి పోటీని 1964లో, బెల్ఫాస్టున జన్మించిన సామీ మిల్లర్ బ్రిటనులో తయారైన 500 సి.సి. ఏరియల్ బండిపై గెలిచెను. ఆ ఏడాది చివర దానిని విడిచి, స్పెయిను దేశపు బుల్టాకో సంస్థకై తేలికయైన టూ స్ట్రోకు బండిని తీర్చిదిద్దెను. బరువు తగ్గిన కొలది రాళ్ళపై తూకము నిలుపుట సులభము. 1965లో ఆ షెర్పా బండిపై మరల గెలిచెను. ఆ పోటీలో విదేశీ యంత్రమునకు అదియే తొలి విజయము. బరువైన బ్రిటిషు బండ్ల ప్రాభవము నాటినుండి క్షీణించెను.

1980ల తొలినాళ్ళలో బుల్టాకో కర్మాగారము మూతపడినను, ఆ పాత బండ్లను నడుపువారు నేటికిని కలరు. పెట్రోలులో నూనెను సరిపాళ్ళలో కలుపవలెను. గాలి వడపోతను శుభ్రపరచవలెను. క్లచ్చి తీగను సరిచూడవలెను. నేర్చుకొనువాడు కాలిమెట్లపై నిలిచి, చూపు ముందుదారిపై నిలిపి, క్లచ్చిని మెల్లమెల్లగా విడువవలెను. తీగ బిగిసినచో ఎంతటి నేర్పరియైనను కాలు మోపక తప్పదు. అందుచే ఇచట సంరక్షణయు స్వారియు ఒకే విద్య.

తాను ఓడించిన ఆ ఏరియల్ బండిని మిల్లర్ తరువాతి కాలమున తన మ్యూజియములో భద్రపరచెను.