నీలి తెర (కంప్యూటరు)

మైక్రోసాఫ్ట్ విండోస్‌తో నడిచే కంప్యూటరులో, ఆపరేటింగ్ సిస్టము ఇక ముందుకు సాగలేని లోపం ఏర్పడినపుడు కనిపించే సందేశాన్ని నీలి తెర అంటారు. నీలి రంగుపై తెల్లని అక్షరాలతో కనిపించడం వలన ఈ పేరు వచ్చింది. ఆంగ్లంలో దీనిని "బ్లూ స్క్రీన్ ఆఫ్ డెత్" అని వ్యవహరిస్తారు. పేరులో మరణం ఉన్నప్పటికీ కంప్యూటరు పాడైపోయిందని దీని అర్థం కాదు. దెబ్బతిన్న సమాచారం డిస్కుపైకి చేరకుండా సిస్టము తనంతట తాను ఆగిపోవడమే నీలి తెర.

ఎందుకు ఆగుతుంది?

సాధారణ ప్రోగ్రాములు తమకు కేటాయించిన మెమరీ హద్దులలోనే పనిచేస్తాయి. వాటిలో ఒకటి తప్పు చేస్తే దానిని మాత్రమే మూసివేయవచ్చు. సిస్టముకు గుండెకాయ వంటి కెర్నెల్‌కు, దానితో కలిసి పనిచేసే డ్రైవర్లకు అటువంటి హద్దులు లేవు. ఒక విద్యార్థి పలకపై తప్పు వ్రాస్తే ఆ పలకను తుడిస్తే చాలు. నల్లబల్లపైనే తప్పు పడితే తరగతి అంతా దానినే ఎక్కించుకుంటుంది, కనుక పాఠం ఆపవలసిందే.

డ్రైవర్లలో దోషాలు, ర్యామ్ లోపాలు, పాడవుతున్న హార్డ్ డిస్కు, అధిక వేడి, సరిగా విద్యుత్తు అందించలేని ఎస్ఎంపీఎస్ దీనికి ముఖ్య కారణాలు.

చరిత్ర

1993లో విడుదలైన విండోస్ ఎన్‌టీ 3.1 నుండి ఈ తెర నేటి అర్థంలో వాడుకలో ఉంది. 1998 ఏప్రిల్ 20న చికాగోలో బిల్ గేట్స్ సమక్షంలో విండోస్ 98ను ప్రదర్శిస్తూ స్కానరును తగిలించగానే నీలి తెర ప్రత్యక్షమై సభికులను నవ్వించింది. 2012లో విండోస్ 8తో విచారవదనం బొమ్మ, 2016లో క్యూఆర్ కోడు దీనిలో చేరాయి. 2025లో విండోస్ 11లో దీనిని నలుపు రంగులోకి మార్చారు.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ భద్రతా సాఫ్ట్‌వేరుకు వచ్చిన ఒక దోషపూరిత ఫైలు వలన ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల కంప్యూటర్లు ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ యంత్రాలలో ఏ భాగమూ చెడిపోలేదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆ ఒక్క ఫైలును తొలగిస్తే తిరిగి పనిచేశాయి.

సంకేతాలు

తెరపై కనిపించే స్టాప్ కోడు కారణాన్ని వెదకడానికి తొలి ఆధారం.

* ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్: విండోస్ ఉన్న డిస్కు సిస్టముకు అందడం లేదు.
* డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్: ఒక డ్రైవరు తాకకూడని వేళలో మెమరీని తాకింది. ఫైలు పేరు కూడా కనిపిస్తే అదే అనుమానితము.
* పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా: డ్రైవరు గాని, ర్యామ్ గాని కారణం కావచ్చు.

పరిష్కార క్రమం

1. కోడును కాగితంపై వ్రాసుకోవాలి, లేదా ఫోటో తీసుకోవాలి. తెర మాయమైనా వివరాలు సాధారణంగా విండోస్ ఫోల్డరులోని మినీడంప్ ఫోల్డరులో మిగులుతాయి.
2. ఇటీవల ఏమి మారిందో గుర్తుచేసుకోవాలి. కొత్తగా తగిలించిన పరికరాన్ని తీసివేసి, కొత్త డ్రైవరును పాతదానికి మార్చి చూడాలి.
3. కంప్యూటరు తెరుచుకోకపోతే సేఫ్ మోడ్‌లో ప్రయత్నించాలి. విండోస్ 7 వరకు ఎఫ్8 మీట దీనికి ఉపయోగపడేది. తరువాతి వాటిలో షిఫ్ట్ మీట నొక్కి ఉంచి రీస్టార్ట్ చేయాలి. బిట్‌లాకర్ ఉన్న కంప్యూటరు 48 అంకెల రికవరీ కీని అడగవచ్చు. దానిని ముందే భద్రపరచుకోవాలి.
4. ముఖ్యమైన ఫైళ్ళకు వెంటనే నకలు తీసుకోవాలి. సేఫ్ మోడ్ కూడా తెరుచుకోకపోతే పెన్ డ్రైవు నుండి లినక్సును నడిపి, లేదా డిస్కును వేరొక కంప్యూటరుకు తగిలించి నకలు తీయవచ్చు.
5. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్‌తో ర్యామ్‌ను పరీక్షించాలి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కదానిని విడిగా ఉంచి చూడాలి.
6. నకలు తీసిన తరువాతనే చెక్‌డిస్క్‌తో డిస్కును పరీక్షించాలి. పాడవుతున్న డిస్కుపై ఈ పరీక్ష భారం మోపుతుంది.

ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే లోపం తొలగినా కారణం తెలియదు.

దుమ్ము పట్టిన డెస్క్‌టాప్‌లలో ర్యామ్ అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి తిరిగి బిగించడం మన ప్రాంత మెకానిక్కులకు పరిపాటి. ప్లగ్గు తీసి, లోహపు వస్తువును తాకిన తరువాతనే ఈ పని చేయాలి. రబ్బరు పొడి సాకెట్టులో పడరాదు.

జాగ్రత్తలు

నీలి తెర రాగానే డిస్కును ఫార్మాట్ చేయించడం సరికాదు. కుటుంబ ఛాయాచిత్రాలు, విద్యార్థుల ప్రాజెక్టులు పోయేది తరచుగా లోపం వలన కాదు, ఈ తొందరపాటు వలననే. పైగా లోపం ర్యామ్‌లో ఉంటే ఫార్మాట్ తరువాత కూడా నీలి తెర తిరిగి వస్తుంది.

మోసగాళ్ళు బ్రౌజరులో నకిలీ నీలి తెరను చూపి, ఫలానా నంబరుకు ఫోను చేయమని కోరుతుంటారు. అసలైన నీలి తెరపై ఫోను నంబరు ఉండదు.

ఇవి కూడా చూడండి

* ఆపరేటింగ్ సిస్టము
* కెర్నెల్
* ర్యామ్
* హార్డ్ డిస్కు